పదివేల కంప్యూటర్లు, ఒక్క తాళంచెవి

ఆఫీసు లాప్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరిస్తే పైన చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనబడుతుంది, ఎప్పుడైనా చూశారా? ఇందులో కొన్ని సెట్టింగులు మీ సంస్థ చేతిలో ఉన్నాయి అని దాని అర్థం. స్కూలు వాళ్ళు పిల్లలకిచ్చే టాబ్లెట్‌లోనూ ఇదే మాట ఇంకో రూపంలో ఉంటుంది. వాల్‌పేపర్ మార్చబోతే మారదు. కొత్త ఆట దించుకోబోతే కుదరదంటుంది. "నా ఒళ్ళో ఉన్న టాబ్లెట్‌కి ఎక్కడో కూర్చున్నవాళ్ళు ఎలా చెబుతున్నారు?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. మన పాఠకుల్లో ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఇది రోజూ చేసే పనే, మిగతావాళ్ళకి మాత్రం తెర వెనక సంగతి. ఈసారి కంప్యూటర్ కబుర్లలో ఆ తెర కొంచెం పక్కకి జరుపుదాం.

ముందు ఇబ్బంది ఏమిటో చూద్దాం. ఒక బాంకు ఉందనుకోండి. అబూధాబిలో హెడ్డాఫీసు, దుబాయ్, షార్జా, రస్ అల్ ఖైమా, ఫుజైరాల్లో బ్రాంచీలు, మాల్‌మాల్‌కీ ఏటీఎంలు, అన్నీ కలిపి పదివేల యంత్రాలు. విండోస్‌లో ఒక లోపం బయటపడింది, దానికి మరమ్మతు వెయ్యాలి. ఒక్కో యంత్రానికి పావుగంట చాలనుకుందాం. పదివేల పావుగంటలంటే 2,500 గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఒక్క మనిషి సెలవు లేకుండా చేస్తే 312 రోజులు! ఆయన చివరి యంత్రం దగ్గరకి చేరేసరికి మొదటి యంత్రానికి ఇంకో పదిసార్లు మరమ్మతు అవసరమై ఉంటుంది. 1990ల మొదట్లో చాలా ఆఫీసుల్లో నిజంగానే ఇలా నడిచింది. ఫ్లాపీల పెట్టె చంకన పెట్టుకుని బల్లబల్లకీ తిరిగిన మనిషి ప్రతి కంపెనీలోనూ ఒకడుండేవాడు. ఇప్పుడు ఆ పని ఒక గదిలో, ఒక తెర ముందు కూర్చుని చేస్తున్నారు.

ఎలా చేస్తున్నారో చెప్పడానికి నాకు గోదావరి కాలువల కంటే మంచి పోలిక దొరకలేదు. ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి నీళ్ళు వెళతాయి. ప్రధాన కాలువ, దాని నుంచి చిన్న కాలువలు, వాటి నుంచి పంట బోదెలు. లాకుల దగ్గరా తూముల దగ్గరా లష్కరు అని ఒక ఉద్యోగి ఉంటాడు. మీ తాతగార్లది ఆ వైపు ఊరైతే వాళ్ళనడగండి, చెబుతారు. లష్కరు ముఖ్యంగా చేసేది రెండు పనులు. స్కేలు మీద నీటిమట్టం ఎంతుందో చూసి పైవాళ్ళకి చెబుతాడు. పైవాళ్ళు చెప్పినంత మేర తలుపు ఎత్తుతాడు, దించుతాడు. ఇంజనీరుగారు ప్రతి తూము దగ్గరకీ రానక్కర్లేదు. ఆయన బల్ల మీద మొత్తం కాలువల పటం ఉంటుంది, లష్కర్లు పంపిన అంకెలుంటాయి.

కంప్యూటర్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే అమర్చి ఉంటుంది. ప్రతి యంత్రంలోనూ ఒక చిన్న ప్రోగ్రాం నిశ్శబ్దంగా పనిచేస్తూ ఉంటుంది. దాన్ని ఏజెంట్ అంటారు, అదే మన లష్కరు. మధ్యలో ఒక పెద్ద సర్వర్ ఉంటుంది, దాని పేరు మేనేజర్. ఆ మేనేజర్ వెనక ఒక డేటాబేస్. ఏ యంత్రం ఎక్కడుంది, దానిలో ఏమేం ఉన్నాయి, కిందటిసారి ఏం జవాబు చెప్పింది అన్నీ అందులో రాసి ఉంటాయి. ముందు కూర్చున్న మనిషికి కనబడే తెరని కన్సోల్ అంటారు. మేనేజర్, డేటాబేస్, కన్సోల్ ఒకచోట. ఏజెంట్లు మాత్రం పదివేల చోట్ల.

లష్కరుని ఏం అడగొచ్చన్నది ముందే ఒప్పుకున్న సంగతి. "మట్టం ఎంత, తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తావు" అని అడగొచ్చు. "నిన్న మీ ఊళ్ళో పెళ్ళి ఎలా జరిగింది" అంటే ఆయన పుస్తకంలో ఆ గడి లేదు. ఏజెంటుకీ అలాంటి గడుల పుస్తకం ఒకటుంది, ప్రతి గడికీ ఒక నంబరుంది. 1.3.6.1.2.1.1.3 అని పంపితే "నువ్వు లేచి ఎంతసేపయింది?" అని అడిగినట్టు. ప్రపంచంలో ఏ కంపెనీ తయారుచేసిన రౌటరైనా ఈ నంబరుకి అదే అర్థం చెప్పుకుంటుంది. పిన్‌కోడ్ లాంటిదన్నమాట: పెద్ద ప్రాంతం నుంచి మొదలుపెట్టి చిన్న గడి దాకా దిగుతుంది.

ఇక కబురు రెండు రకాలుగా వస్తుంది. ఐదు నిమిషాలకోసారి మేనేజరే అందర్నీ పలకరిస్తూ వెళుతుంది: ఉన్నావా, ఎంత వేడిగా ఉన్నావు, డిస్కు ఎంత నిండింది అని. ఇది హాజరు పిలవడం లాంటిది. మరీ ముంచుకొచ్చే సంగతైతే పిలుపు కోసం ఆగకుండా ఏజెంటే కేకేస్తుంది. ఎప్పుడు కేకెయ్యాలి? దానికి గీతలు గీసి ఉంటాయి. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకి చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారని మనందరికీ తెలుసు. సర్వర్ డిస్కు 80 శాతం నిండితే పసుపు రంగు, 95 శాతం నిండితే ఎరుపు అని గీయడం కూడా సరిగ్గా ఇదే పద్ధతి. గీత మరీ కింద గీస్తే అనవసరపు కేకలు, మరీ పైన గీస్తే కేక వినబడేసరికే నీళ్ళు ఇంట్లో ఉంటాయి.

ఈ ప్రశ్న-జవాబుల భాషని 1988లో అమెరికాలో జెఫ్రీ కేస్, మార్క్ ఫెడర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ అనే నలుగురు రాశారు. పేరు సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రొటోకాల్. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తయారుచేస్తున్న పెద్ద, గంభీరమైన పద్ధతి ఒకటి వచ్చేదాకా తాత్కాలికంగా వాడుకుందామని మొదలుపెట్టారు. తాత్కాలికంగా వేసిన షెడ్డే చివరికి ఇల్లయినట్టు ఇప్పటికీ అదే నడుస్తోంది, పెద్ద పద్ధతి సంగతి ఎవరికీ గుర్తులేదు! అయితే తొందరలో వేసిన షెడ్డుకి తలుపు గట్టిగా లేదు. మొదటి రకాల్లో ఏజెంటుని పలకరించడానికి ఒక సంకేతపదం చాలు. చాలా యంత్రాలకి ఫాక్టరీలో పెట్టిన సంకేతపదం "పబ్లిక్". ఆ పదం తీగ మీద అందరికీ కనబడేలా వెళ్ళేది. గట్టి తాళం ఉన్న మూడో రకం పూర్తి ప్రమాణంగా నిలిచింది 2002లో. పాత రకం నడుస్తున్న యంత్రాలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి.

ఇలాంటి చూపుల గది ఒకటి మన పక్కనే ఉండేదని చాలామందికి తెలియదు. 1997లో ఇంగ్లండ్ నుంచి జపాన్ దాకా సముద్రం అడుగున సుమారు 28 వేల కిలోమీటర్ల కేబుల్ ఒకటి పనిలోకి వచ్చింది. పేరు ఫ్లాగ్. అది ఒడ్డెక్కే చోట్లలో మన ముంబయి ఒకటి, ఇక్కడి ఫుజైరా ఒకటి. ఆ పొడుగంతా కనిపెట్టి ఉండే నెట్‌వర్క్ కేంద్రాన్ని ఫుజైరాలో పెట్టారు. వారాంతంలో కొండలు దాటి బీచ్‌కని వెళతామే, ఆ ఫుజైరాయే! హోర్ముజ్ జలసంధి లోపలికి రాకుండా నేరుగా మహాసముద్రం ఒడ్డున ఉండటం ఆ ఊరి అదృష్టం. అందుకే కేబుళ్ళకి అది ఇష్టమైన చోటు.

అలాంటి గదిలో కష్టం ఎక్కడుంటుందో 2008 చూపించింది. ఆ ఏడాది జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్ళు తెగాయి. ఒకటి ఫ్లాగ్, ఇంకోటి సీ-మీ-వీ 4. రెండు రోజులకి, ఫిబ్రవరి 1న, దుబాయ్‌కి 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ అనే కేబుల్ తెగింది. అప్పట్లో ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంటికి చాటింగ్ చెయ్యబోతే ఒక్కో అక్షరం నడిచి వచ్చినట్టుండేది. ఎవరో కుట్ర చేశారని పుకార్లు కూడా బాగా తిరిగాయి. ఫాల్కన్‌ని తెంపింది ఎవరో వదిలేసిపోయిన ఐదారు టన్నుల లంగరు అని తర్వాత తేలింది.

ఇప్పుడు చూపుల గదిలో కూర్చున్న మనిషి స్థానంలో ఉండి ఆలోచించండి. తెగింది ఒక్క తీగ. కానీ దాని మీద ఆధారపడ్డ రౌటర్లు వందలు, వాటి వెనక సర్వర్లు వేలు. ఒక్కొక్కటీ "నాకు అవతలివాడు వినబడటం లేదు" అని కేకేస్తుంది. రెండు నిమిషాల్లో తెరంతా ఎరుపు. వెయ్యి కేకల్లో అసలు జబ్బు ఏది, దాని వల్ల వచ్చిన మూలుగులేవి? ఇక్కడే మంచి సాఫ్ట్‌వేరుకీ మామూలు సాఫ్ట్‌వేరుకీ తేడా తెలుస్తుంది. మంచిదాని దగ్గర పటం ఉంటుంది, ఏది దేని మీద ఆధారపడిందో తెలుసు. ఈ వెయ్యి కేకలూ ఒక్క తీగకి అవతలివాళ్ళవే, తీగకి ఇవతల అందరూ నిమ్మళంగా ఉన్నారు, కాబట్టి పోయింది ఆ తీగే అని లెక్కకట్టి, 999 కేకల్ని పక్కన పెట్టి ఒక్కటే చూపిస్తుంది. వీధిలో అందరిళ్ళల్లోనూ కరెంటు పోతే మన ఫ్యూజు విప్పి చూడం కదా! ట్రాన్స్‌ఫార్మరు పోయిందంటాం. అదే తర్కం.

ఎక్కడ తెగిందో కనుక్కోవడం ఇంకా బాగుంటుంది. ఒడ్డు నుంచి కేబుల్లోకి ఒక వెలుగు తునక పంపుతారు. తెగిన చోట అది గోడకి తగిలిన బంతిలా వెనక్కి వస్తుంది. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెప్పేయొచ్చు. పై తరగతుల పిల్లలు లెక్క వేసి చూడండి: సెకనులో వెయ్యో వంతు తర్వాత వెలుగు తిరిగొస్తే తీగ ఎంత దూరంలో తెగినట్టు?

ఇంతవరకు చెప్పింది చూడటం గురించి. లష్కరు రెండో పని, తలుపు ఎత్తడం, ఇంకా పెద్దది. మైక్రోసాఫ్ట్ 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఒకచోట నుంచి అన్ని యంత్రాల్లోకి ప్రోగ్రాములు పంపడం దాని పని. 2000లో విండోస్ 2000తో పాటు ఆక్టివ్ డైరెక్టరీ వచ్చింది. ఎవరు ఉద్యోగి, ఎవరి పాస్‌వర్డ్ ఏది, ఎవరికి ఏ ఫైళ్ళు తెరిచే హక్కుంది అన్నది ఒక్క పుస్తకంలో రాసిపెట్టేది అదే. ఆ పుస్తకం ఉన్న యంత్రాల్ని డొమైన్ కంట్రోలర్లంటారు. కేంద్రంలో ఒక నియమం రాస్తే, "పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకు" అని అనుకోండి, మామూలుగా ప్రతి యంత్రమూ 90 నిమిషాలకోసారి వచ్చి కొత్త నియమాలేమైనా ఉన్నాయా అని అడిగి తీసుకెళుతుంది. సరిగ్గా 90 నిమిషాలకి కాదు, దానికి సున్నా నుంచి 30 నిమిషాల దాకా ఎంతో కొంత చిత్తుబొత్తుగా కలుపుతారు. ఎందుకంటే పదివేల యంత్రాలూ ఉదయం ఎనిమిదింటికి ఒక్కసారి ఆన్ చేస్తే, పదివేలూ ఒకే నిమిషంలో తలుపు తడితే సర్వర్ కుప్పకూలుతుంది. పెళ్ళి భోజనాల్లో బంతులు విడగొట్టినట్టు కాస్త ఎడం పెట్టారన్నమాట.

పెద్ద ప్రోగ్రాముల్ని పంపడానికి ఇంకో ఏర్పాటుంది. మనవైపు రేషన్ బియ్యం పెద్ద గోదాము నుంచి మండలంలోని స్టాక్ పాయింటుకీ, అక్కడి నుంచి డిపోకీ వెళుతుంది కదా! ఊళ్ళోవాళ్ళంతా పెద్ద గోదాము ముందు లైను కట్టరు. అలాగే ఫుజైరా బ్రాంచిలో వంద కంప్యూటర్లుంటే అబూధాబి నుంచి వందసార్లు అదే ఫైలు పంపరు. ఒక్కసారి ఫుజైరాలోని ఒక సర్వరుకి పంపితే మిగతావాళ్ళు అక్కడే తీసుకుంటారు. ఒక మేనేజర్, దాని కింద ప్రాంతానికో ఉప మేనేజర్, దాని కింద పంపిణీ పాయింట్లు, చివర ఏజెంట్లు. ఏ కంపెనీ సరుకైనా లోపలి అమరిక దాదాపు ఇదే. పేర్లు మాత్రం ఎవరికి తోచినవి వాళ్ళు పెట్టుకుంటారు.

ఇదంతా వినడానికి చక్కగా ఉంది. కానీ పెద్దలు ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన చోటు కూడా ఇదే. మందు పంపడానికి వేసిన దారిలో విషం కూడా పోతుంది. ఏజెంటుకి యంత్రంలో అన్ని హక్కులూ ఉంటాయి, లేకపోతే అది పని చెయ్యలేదు. కేంద్రం చెప్పిందంటే అడ్డు చెప్పదు. కాబట్టి కేంద్రం తప్పుచేసినా, కేంద్రాన్ని దొంగ ఆక్రమించినా పదివేల యంత్రాలూ ఒక్కసారే పడిపోతాయి. ఇది ఊహ కాదు, చాలాసార్లు జరిగింది.

మెర్స్క్ అనే పేరున్న కంటైనర్లు జెబెల్ అలీ వైపు వెళుతుంటే రోజూ కనబడతాయి. 2017 జూన్ 27న ఆ డెన్మార్క్ ఓడల కంపెనీ కంప్యూటర్లన్నీ ఒకదాని వెనక ఒకటి నల్లబడిపోయాయి. ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకి వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోకి దుండగులు నాట్‌పెట్యా అనే విషాన్ని ఎక్కించారు. ఆ దేశంలోని కంపెనీ ఆఫీసు నుంచి అది ప్రపంచమంతా పాకింది. మెర్స్క్‌కి సుమారు 150 డొమైన్ కంట్రోలర్లుండేవి. ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందని అన్నింటిలోనూ ఒకే పుస్తకం ఉండేలా ఎప్పటికప్పుడు సరిచూసుకునే ఏర్పాటు చేశారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు, అన్నీ ఒకేసారి పోయాయి.

ఒక్కటి తప్ప. ఆఫ్రికాలో ఘనా దేశంలో ఒక కంట్రోలర్ ఉంది. దాడి జరిగిన సమయానికి అక్కడ కరెంటు పోయి అది ఆఫ్ అయి ఉంది! కరెంటు కోతని తిట్టుకుంటూ పెరిగిన మనకి ఈ మాట వింటే నవ్వొస్తుంది. తర్వాతి భాగం మన ప్రవాసులకి ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ సమాచారాన్ని ఇంగ్లండ్‌కి పంపాలంటే ఘనాలో ఇంటర్నెట్ వేగం చాలలేదు. డిస్కు పట్టుకుని మనిషే వెళదామంటే అక్కడి ఉద్యోగుల్లో ఎవరికీ బ్రిటిష్ వీసా లేదు. చివరికి ఘనా ఉద్యోగి ఒకరు నైజీరియా వెళ్ళి విమానాశ్రయంలో ఇంకో ఉద్యోగి చేతికి ఆ డిస్కు అందించారు. ఆయన లండన్ విమానం ఎక్కారు. ఆ ఒక్క డిస్కు ఆధారంగా మళ్ళీ కట్టుకున్నారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు కొత్తగా అమర్చామని ఆ కంపెనీ ఛైర్మన్ 2018లో దావోస్‌లో చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని లెక్కకట్టారు.

2020 డిసెంబరులో బయటపడ్డ సోలార్‌విండ్స్ వ్యవహారం ఇంకో మెట్టు పైది. అక్కడ దొంగలు దూరింది నెట్‌వర్కుల్ని కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్‌లోకే. ఓరియన్ అనే ఆ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ని తయారయ్యే చోటే కలుషితం చేశారు. సుమారు 18 వేల సంస్థలు దాన్ని నమ్మకంగా దించుకున్నాయి. కావలివాడి వేషంలో దొంగ రావడమంటే ఇదే.

దొంగే రానక్కర్లేదని 2024 జూలై 19 చూపించింది. శుక్రవారం, ఇక్కడి టైము ఉదయం 8 గంటల 9 నిమిషాలు, ఇండియాలో 9 గంటల 39 నిమిషాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ కంపెనీ తన ఏజెంట్లకి ఒక చిన్న ఫైలు పంపింది. ఏజెంట్ పేరు ఫాల్కన్. (మన కేబుల్ పేరూ అదే, ఈ దేశపు రాజముద్ర మీద ఉన్న పక్షీ అదే. గల్ఫ్‌లో డేగని తప్పించుకోలేం!) ఆ ఏజెంట్ 21 గడులున్నాయనుకుని చదవబోయింది, దానికి అందినవి 20. లేని 21వ గడి కోసం చెయ్యి పెట్టి విండోస్‌తో సహా పడిపోయింది. 78 నిమిషాల్లో ఆ ఫైలు వెనక్కి తీసుకున్నారు. ఈలోపు సుమారు 85 లక్షల యంత్రాలు నీలి తెరతో కూర్చున్నాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అది ఒక్క శాతం కూడా కాదు. కానీ ఆ ఒక్క శాతంలోనే విమానాలు, ఆసుపత్రులు, బాంకులు ఉన్నాయి. మనవాళ్ళంతా పిల్లల సెలవులకి ఇండియా ప్రయాణాలు పెట్టుకునే నెల అది. దుబాయ్ విమానాశ్రయం 1, 2 టెర్మినళ్ళలో కొన్ని విమాన సంస్థల చెక్-ఇన్‌కి ఇబ్బంది వచ్చింది, వేరే ఏర్పాటుతో త్వరగానే సర్దుకున్నారు. ఆ రోజే హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటోని దేశమంతా చూసింది.

మరమ్మతు వేసినా చాలాచోట్ల రోజుల తరబడి ఎందుకు పట్టింది? జవాబు ఈ అమరికలోనే ఉంది. కేంద్రం మాట వినేది ఏజెంట్. ఏజెంట్ లేవాలంటే విండోస్ లేవాలి. విండోస్ లేవబోతుంటే అదే ఏజెంట్ పడగొడుతోంది. అంటే సరిచేసే కబురు అందుకునే చెయ్యే విరిగింది. ఇక మిగిలింది పాత పద్ధతే: మనిషి ఒక్కో యంత్రం దగ్గరకి నడిచి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు చెరిపెయ్యాలి. డిస్కుకి తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వర్ కూడా పడిపోయి ఉంటే... ఇనప్పెట్టె తాళంచెవి ఇనప్పెట్టెలోనే పెట్టుకున్నట్టు!

ఈ దెబ్బల తర్వాత పద్ధతులు కొంత మారాయి. కొత్త అప్‌డేట్‌ని ముందు కొద్ది యంత్రాలకి పంపి చూసి, బాగుంటేనే మిగతావాటికి పంపాలన్నది పాత సలహాయే. సాంబారు ముందు వంటవాడే రుచి చూడాలి కదా. క్రౌడ్‌స్ట్రైక్ ప్రోగ్రాములకి ఆ జాగ్రత్త ఉండేది. ఆ రకం చిన్న ఫైళ్ళకి ఉండేది కాదు. 2024 తర్వాత వాటినీ విడతలుగా పంపుతోంది, ఎప్పుడు తీసుకోవాలో కొనుగోలుదారులు చెప్పే వీలు కూడా ఇచ్చింది. జాగ్రత్త గల సంస్థలు నెట్‌వర్కుకి తగలకుండా ఒక కాపీ విడిగా దాచుకుంటాయి, ఘనాలో కరెంటు కోత చేసిన పనిని తామే కావాలని చేసుకుంటాయన్నమాట. అందరికీ వెళ్ళే ఆజ్ఞకి ఇద్దరి సంతకం కావాలని నియమం పెట్టినవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అయితే ఖర్చు అని, ఆలస్యమని మొదట వదిలేసేది కూడా దీన్నే.

ఇక మన ఇళ్ళకొద్దాం. స్కూలు టాబ్లెట్‌లో ఉన్న ఏజెంట్ ఏం చూడగలదు? ఏ ఆప్‌లున్నాయో చూడగలదు, పెట్టగలదు, తియ్యగలదు. పోయిందని చెబితే ఎక్కడుందో వెతకగలదు, మొత్తం తుడిచెయ్యగలదు. స్కూలు ఫిల్టర్ గుండా వెళ్ళే సైట్ల పేర్లు తెలియొచ్చు. ఈ నిర్వహణ దారి ఒక్కదానితోనే మీ ఫోటోలూ మెసేజులూ చదవడం మాత్రం సాధారణంగా కుదరదు. కాబట్టి పిల్లలూ, టీచరుగారు రోజంతా కెమెరాలోంచి చూస్తుంటారని భయపడక్కర్లేదు. అలాగని అది మీ సొంత టాబ్లెట్ కూడా కాదు.

పెద్దలకి ఇంకో మాట. ఆఫీసు మెయిలు కోసం సొంత ఫోన్లో కంపెనీ ఆప్ పెట్టుకోమంటారు. అప్పుడు వచ్చే పేజీలన్నీ మనం చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కేస్తాం. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని విడి గది ఒకటుంది. ఆ పద్ధతిలో చేరితే కంపెనీ హక్కు ఆ గది వరకే, ఉద్యోగం మానేసిన రోజు ఆ గదొక్కటే ఖాళీ అవుతుంది. ఫోను మొత్తాన్ని కంపెనీ నిర్వహణలో చేర్చి ఉంటే వాళ్ళు నొక్కే ఒక్క బటనుతో అంతా పోవచ్చు. పిల్లల పుట్టినరోజు ఫోటోలు, పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ కాపీలు, ఊళ్ళో పొలం కాగితాలు, అన్నీ. ఉద్యోగం పోవడమంటే ఇక్కడ వీసా గడువు లెక్క కూడా మొదలైనట్టే. సరిగ్గా ఆ కాగితాలు కావలసిన వారంలోనే ఫోను ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈ శుక్రవారం ఒక పావుగంట కేటాయించి సెట్టింగ్స్‌లో మీ ఫోను ఏ పద్ధతిలో చేరిందో చూసుకోండి. అర్థం కాకపోతే మీ ఆఫీసు ఐటీ వాళ్ళని మొహమాటం లేకుండా అడగండి. కంపెనీ ఇచ్చిన ఫోనైతే సొంత కాగితాలు అందులో దాచుకోకండి.

ఇల్లాళ్ళకీ ఇంటాయనలకీ తెలియకుండానే మన ఇల్లూ ఒక చిన్న నెట్‌వర్క్ అయింది. నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఏదైనా మొట్టమొదట చేసేది లెక్క తియ్యడం, ఎన్ని యంత్రాలున్నాయో తెలియకపోతే మిగతాదేదీ సాగదు. అందుకని పిల్లలకి ఈ మూడు నెలల పని. ఇంట్లో వైఫైకి తగిలే వస్తువులన్నీ ఒక కాగితం మీద రాయండి: ఫోన్లు, టీవీ, కెమెరా, తాతగారి టాబ్లెట్, అన్నీ. తర్వాత అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని రౌటర్ పేజీ తెరిచి, అది చూపించే జాబితాతో పోల్చండి. మీ లెక్క, దాని లెక్క ఒకటే అయ్యాయా? కాకపోతే ఎక్కువున్నది ఎవరిదో కనిపెట్టి మాకు రాయండి. తీగ లెక్క చేసినవాళ్ళు జవాబు కూడా అందులోనే పంపొచ్చు.